తొలికుండ తోడు

సోమవారం. పోటు. తూర్పుగాలి, ఆగి ఆగి వాన.

ఆసుపత్రి నమోదులో రోగుల సంఖ్య, మందుల ఖర్చు, గాలి దిశ తప్ప మరేమీ రాయకూడదని పైవాళ్ల ఉత్తర్వు. సముద్రం మీద తేలే ఈ ఏడో పంటులో ఆసుపత్రి అంటే నేనూ, రెండు మంచాలూ, తలుపు సరిగ్గా పడని ఒక రేకు బీరువానూ. నర్సునూ నేనే, ఊడ్చేదాన్నీ నేనే. కాబట్టి రాయాలనిపించింది రాస్తాను. నచ్చనివాళ్లు ఇక్కడికొచ్చి, ఈ ఊగే నేల మీద కూర్చుని, తమకు నచ్చినట్టు రాసుకోవచ్చు.

బొడ్డు చీము పట్టిన పసిబిడ్డ ఇవాళ ఇంకొకటి వచ్చింది. ఈ వానాకాలంలో ఇది మూడోది. మొదటి బిడ్డకు తగ్గిపోయింది. రెండోవాడు, వలలు అల్లే సుభద్ర కొడుకు, దక్కలేదు. వాడికింకా పేరైనా పెట్టలేదు. ఇవాళ్టి బిడ్డకు బొడ్డు చుట్టూ ఎర్రగా వాచింది, తాకితే కెవ్వుమంటోంది. ఎప్పుడూ ఇచ్చే ఇంజెక్షనే ఇచ్చాను.

ఇంటికి వెళ్లేసరికి జలజ కాళ్లు చాపుకుని ఉప్పులో ఊరిన మామిడిముక్క చప్పరిస్తోంది. జలజ నా కూతురు. తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది, నెలలు నిండాయి.

"మూడోదా అమ్మా?" అంది.

పంటు మీద కబురు నాకంటే ముందు నడుస్తుంది. అవునన్నాను. అది ముక్క నమలడం ఆపేసి పొట్ట మీద చెయ్యి వేసుకుంది. నాకు భయంగా ఉంది. దీని బిడ్డ పుట్టేలోగా ఆ చీము ఎక్కడ నుంచి వస్తోందో తెలియాలి. ప్రస్తుతం నాకున్న పని ఇదొక్కటే, మిగతావన్నీ దీని తర్వాతే.

శుక్రవారం. ఆటు. గాలి లేదు.

శుక్రవారం కుండల రోజు. డ్రమ్ములోంచి చిక్కటి కడుగుమందు తీసి, వాననీళ్లలో కలిపి, ఇంటికో బిందె చొప్పున పంచాలి. ఇక్కడ చుట్టూ సముద్రమే అయినా మంచినీళ్లు తాగడానికే చాలవు. కాచుకుందామంటే పొయ్యి బిళ్లలు రేషను. అందుకని చేతులు, గిన్నెలు, గాయాలు, గడపలు, పసిబిడ్డల బొడ్లు, అన్నిటికీ మందునీళ్లే. ప్రతి గుమ్మం పక్కనా మూత పెట్టిన మట్టికుండ ఒకటి ఉంటుంది.

ఆ కుండ ఎన్నడూ ఖాళీ కాకూడదు. అడుగున పాతనీళ్లు ఉండగానే పైన కొత్తవి పోస్తారు. కొత్తగా కాపురం పెట్టినవాళ్లు ముందు మా ఇంటికి వచ్చి, మా అత్తయ్య దగ్గరున్న తొలికుండలోంచి ఒక గరిటెడు పోయించుకుని, దాన్ని తమ కుండలో తోడు వేసుకుంటారు. అచ్చం పాలు తోడు పెట్టినట్టే. తోడు పడని మందుని ఇక్కడ పచ్చిమందు అంటారు. పచ్చిమందుతో బిడ్డ బొడ్డు తుడిచిన తల్లిని నలుగురూ చూసే చూపు వేరు.

నవ్వుకోవడం సులువే. కానీ అరవై ఏళ్ల కిందట లంక ఊళ్లు మునిగి, జనం పడవలూ పంట్లూ కలిపి కట్టుకుని నీటి మీద కాపురాలు మొదలుపెట్టిన ఏడాదే జ్వరాలు వచ్చాయి. ఇంటికొకరు పోయారు. అప్పుడు అత్తయ్య తల్లి మునిగిన ఊరి నుంచి తెచ్చుకున్న ఒకే ఒక్క కుండలో మందు కలిపి, గుమ్మం గుమ్మానికీ తిరిగి అందరి చేతులూ కడిగించింది. చావులు ఆగాయి. ఆ కుండే తొలికుండ. తల్లి తర్వాత అది అత్తయ్య చేతికి వచ్చింది. ఆవిడ పేరు తాయారమ్మ. ఎనభై దాటాయి, ఏడో పంటు మొత్తానికి మామ్మగారు. పురుడు వచ్చిన ప్రతి ఇంటికీ గరిటె పట్టుకుని వెళ్లి బొడ్డుకి ఆవిడే రాస్తుంది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో కుండ మూత నేల మీద పెట్టానని పూటంతా చీవాట్లు తిన్నాను. మళ్లీ నన్ను పట్టుబట్టి నర్సు చదువుకి పంపిందీ ఆవిడే.

డ్రమ్ములో మందు పలచగా వస్తోందని నా అనుమానం. డ్రమ్ములు పంపే డిపోవాళ్లకి నాలుగు మాటలు ఘాటుగానే రాశాను. వాళ్ల జవాబు వచ్చేదాకా ఆగలేక ఇవాళ రెట్టింపు గాఢంగా కలిపి పంచాను. సాయంత్రానికి నా వేళ్ల చర్మం పొరలు పొరలుగా లేచింది. లేస్తే లేవనీ అనుకున్నాను.

మంగళవారం. పోటు. అలలు ఎక్కువ.

రెట్టింపు మందు ఏమీ చేయలేదు. మూడో బిడ్డకి జ్వరం దిగలేదు, ఎప్పుడూ పనిచేసే ఇంజెక్షన్ పనిచేయలేదు. బిడ్డనీ తల్లినీ ఆసుపత్రి పడవ ఎక్కించాను. ఆ పడవలోంచే డాక్టర్ రెహానా దిగింది. నా కూతురి కంటే నాలుగేళ్లు పెద్దదేమో. గంభీరంగా ఉంటుంది గానీ పడవ దిగుతూ జారి, తన మీద తనే నవ్వుకుంది. అప్పుడే నచ్చింది నాకు.

దూది చుట్టిన పుల్లలు కట్టలకొద్దీ తెచ్చింది. డ్రమ్ము మూతి దగ్గర, నా బల్ల మీద, ఇళ్ల గడపల మీద, కుండల్లో, అన్నిచోట్లా ముంచి గాజుపళ్లేల్లో పూసుకుంది. నా ఆసుపత్రి కుండలోనూ ముంచేసరికి కొంచెం ఉడుక్కున్నాను.

"అది మందే కదమ్మా, అందులో ఏముంటుంది?" అన్నాను.

"ఏమీ లేకపోతే ఏమీ రాదు కదా రాజ్యంగారూ" అంది.

తొలికుండ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. అత్తయ్య మురిసిపోయింది. డాక్టరమ్మ కుండ చూడ్డానికి వచ్చిందని మూత తీసి, తన చేత్తోనే గరిటెడు తీసి పోసింది.

శుక్రవారం. ఆటు. మబ్బు.

ఇవాళ కుండలకు నీళ్లు పంచలేదు. ఎందుకో రాస్తాను.

డాక్టర్ రెహానా గాజుపళ్లేలన్నీ నా బల్ల మీద వరసగా పరిచింది. డ్రమ్ము మందు పూసిన పళ్లెం శుభ్రంగా ఉంది. డిపోవాళ్లకి క్షమాపణ రాయాలి, రేపు రాస్తాను. ఇళ్ల కుండలవి చూస్తే పళ్లెం మీద పచ్చటి జిగురుచుక్కలు. నా ఆసుపత్రి కుండలోదీ అంతే. తొలికుండది చుక్కలుగా కూడా లేదు, పళ్లెం నిండా ఒకటే పాచిలా అల్లుకుంది. పోయిన బిడ్డ చీములో దొరికిందీ ఈ సూక్ష్మజీవేనట. సుభద్ర కొడుకు చీము నేనే తీసి పంపాను, అందుకని తెలిసింది.

ఎలుకలమందు డబ్బాలో ఎలుక కాపురం పెట్టిందంటే ఎవరు నమ్ముతారు? నేనూ నమ్మలేదు. రెండుసార్లు చెప్పించుకున్నాను.

"మీ పడవకి చిల్లు పడితే ఏం చేస్తారు?" అని అడిగింది.

"డబ్బా పుచ్చుకుని నీళ్లు ఎత్తిపోస్తాం."

"ఇదీ అంతే చేస్తుంది. లోపలికి వచ్చిన మందుని వచ్చినట్టే బయటికి ఎత్తిపోస్తుంది. మందు చిక్కగా, తాజాగా ఉంటే ఎత్తిపోయలేక మునిగిపోతుంది. కానీ మీ కుండల్లో ఎప్పుడూ పాతనీళ్లుంటాయి. చేతుల మురికి పడి అందులోని మందు సగం చచ్చిపోయి ఉంటుంది. మీరు రెట్టింపు పోసినా ఆ పాతనీళ్లలో కలిసి మళ్లీ పలచనే. పైగా మట్టికుండ. గోడకి జిగురు పట్టి, ఆ జిగురు అడుగున ఇవి హాయిగా దాక్కుంటాయి. ప్రతి వారం బలహీనమైనవి చస్తాయి, తట్టుకున్నవి మిగులుతాయి. మిగిలినవాటి సంతానమే పై వారం కుండ."

"అరవై ఏళ్లు" అన్నాను.

"అరవై ఏళ్లు వాటికి చాలా తరాలండీ. ఇంకో సంగతి. ఎత్తిపోసే నేర్పు వచ్చినదానికి ఒక మందు ఎత్తిపోసినా ఇంకోటి ఎత్తిపోసినా ఒకటే. మీ ఇంజెక్షన్ అందుకే పనిచేయలేదు. ఆ నేర్పుని ఇవి పక్కవాటికి కూడా పంచుకుంటాయి."

మిగిలిన పని మేం చేశాం. ప్రతి కొత్త ఇంటికీ గరిటెడు చొప్పున మోసుకెళ్లి, మూతపెట్టి, కదపకుండా పెంచాం. మూడో బిడ్డకి వేరే మందు పడిందట, బతుకుతుందట. ఆ ఒక్క మాట విన్నాకే నాకు కూర్చోవాలనిపించింది.

చెయ్యాల్సింది చాలా తేలిక. కుండలన్నీ ఒకేసారి పారబోయాలి, వేణ్నీళ్లతో తోమాలి, బోర్లించి పూర్తిగా ఆరబెట్టాలి. తడి లేకపోతే అవి బతకలేవు. ఇకమీదట ఏ పూట మందు ఆ పూటే, పొడిగిన్నెలో కలుపుకోవాలి. మిగిలితే పారబోయాలి. బిడ్డ బొడ్డుకి ఏమీ రాయకూడదు, పొడిగా వదిలేయాలి.

"ఏమీ రాయొద్దా?" అని అడిగాను, నర్సునై ఉండి.

"ఏమీ వద్దు" అంది.

శనివారం. పోటు. మబ్బు.

అత్తయ్యకి చెప్పాను. మెత్తగా చెప్పాలని రాత్రంతా మాటలు కూర్చుకున్నాను గానీ నా నోరు మెత్తది కాదు.

"నా కుండలో పురుగా?" అంది ఆవిడ. కోపంగా కాదు. ఎవరో పరాయి భాషలో మాట్లాడినట్టు నా మొహంలోకి చూసింది.

"పురుగు కాదండీ, కంటికి కనపడనిది."

"మా అమ్మ కుండ ఊరిని బతికించిందే."

"అప్పుడు బతికించింది అత్తయ్యా. అప్పుడది కొత్త మందు."

ఆవిడ మంచం మీద అటు తిరిగి పడుకుంది. భోజనానికి పిలిస్తే జలజతో మాట్లాడింది గానీ నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టిన నా చేతికేసి మాత్రం చాలాసేపు చూసింది. నాకూ రోషం వచ్చింది. నేనేమన్నా తప్పు చెప్పానా?

అంతకంటే బాధ ఏమిటంటే జలజ కూడా అటే. "నాకు రాసింది మామ్మే కదమ్మా, నేను బాగానే ఉన్నాగా? నా బిడ్డకి పచ్చిబొడ్డు అలా వదిలేస్తారా? నాకు భయమేస్తంది" అంది. డాక్టర్ చెప్పినదంతా మళ్లీ చెప్పాను. విన్నది. విని, "మామ్మ రాస్తేనే నాకు ధైర్యం" అంది. దాన్ని తిట్టలేకపోయాను. భయపడ్డవాళ్లు తెలిసిన చెయ్యే పట్టుకుంటారు.

సోమవారం. ఆటు. ఎండ.

పంటు పెద్ద సూరపరాజుగారు అందరినీ పిలిచారు. డాక్టర్ రెహానా పళ్లేలు చూపించింది. జనం ముక్కులు మూసుకుని చూశారు, చూసి ఒప్పుకున్నారు. అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి నాకు అనుమానం వచ్చింది. మధ్యాహ్నానికల్లా కుండలన్నీ పారబోసి, తోమి, ఎండలో బోర్లించారు. పొయ్యి బిళ్లలు రాజుగారు తన వాటాలోంచి ఇచ్చారు. అత్తయ్య రాలేదు, సుభద్రా రాలేదు.

తొలికుండ మాట వచ్చేసరికి అందరూ తలలు దించుకున్నారు.

"మా కుండలంటే పర్లేదండీ. మామ్మగారిది మటుకు ఉంచుదారండీ. అది మూలం కదండీ" అన్నాడు రాజుగారి తమ్ముడు.

మూలం గనకే పోవాలని డాక్టరూ నేనూ గొంతు పోయేలా చెప్పాం. తలలు ఊపారు. మా ఊళ్లో తల ఊపడమంటే విన్నామని, అంతే.

బుధవారం. ఆటు. ఎండ.

నా అనుమానం నిజమైంది. పొద్దున్నే మా గుమ్మం ముందు బారు తీరి ఉన్నారు. తోమి, ఎండబెట్టి, తెల్లగా మెరుస్తున్న కుండలు చంకలో పెట్టుకుని ఊరు ఊరంతా నిలబడింది. తోడుకోసం.

"శుభ్రమైన కుండలేనండీ, డాక్టరమ్మ చెప్పినట్టే ఎండబెట్టాం" అని ఎదురింటావిడ గర్వంగా చూపించింది.

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడి, తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి అందర్నీ వెనక్కి పంపాను. వెళ్లారు గానీ నేను ఆసుపత్రికి వెళ్లాక మళ్లీ వస్తారని వాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు. లోపలికి వచ్చేసరికి అత్తయ్య కుండ పక్కన పీట మీద కూర్చుని ఉంది. గరిటె ఒళ్లో ఉంది. ఒక్కరికీ పోయలేదు. పోయనని అనలేదు, పోస్తాననీ అనలేదు.

ఆదివారం. పోటు. తెరిపి.

ఆడపిల్ల. మధ్యాహ్నం పుట్టింది. జలజ క్షేమం. కాచిన బ్లేడుతో బొడ్డు కోశాను, కాచిన దారంతో కట్టాను, పొడిబట్ట చుట్టాను.

బిడ్డని తల్లి పక్కన పడుకోబెట్టి తల ఎత్తేసరికి గడప అవతల అత్తయ్య. చేతిలో గరిటె, గరిటె నిండా నీళ్లు.

"రా మామ్మా" అంది జలజ.

నేను లేచి అడ్డంగా నిలబడ్డాను. ఎనభై ఏళ్ల మనిషిని తోసేయాల్సి వస్తే తోసేస్తాననే అనుకున్నాను. ఆవిడ లోపలికి రాలేదు. బిడ్డకేసీ చూడలేదు. గరిటెలో నీళ్లనే చూస్తోంది.

"రాజ్యం, ఒక మాట అడుగుతా. దాచకుండా చెప్పు."

"అడగండి."

"ఇందులో నువ్వన్నదే ఉంటే, సుభద్ర పిల్లాడి బొడ్డుకి ఇది రాసింది నేనే కదే."

వారం రోజులుగా ఆవిడ కాపాడుకుంటున్నది కుండను కాదని నాకు అప్పటికి గానీ తట్టలేదు. నా మాట నిజమైతే ఆవిడ చెయ్యి ఎలాంటి చెయ్యి అవుతుందో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. పళ్లేలూ పాచీ అంటూ వాదిస్తూ పోయాను.

అబద్ధాలు చాలానే నోటిదాకా వచ్చాయి. వాడికి ముందే ఏదో జబ్బుండి ఉంటుందని, డాక్టర్లూ పొరబడతారని, ఎవరి ఆయుష్షు ఎవరికి తెలుసని. వాటిలో ఏ ఒక్కటి చెప్పినా ఆవిడ మనసు కుదుటపడుతుంది, ఆ గరిటె గడప దాటుతుంది. వెనక బిడ్డ చిన్నగా తుమ్మింది.

"అవునత్తయ్యా" అన్నాను. "రాసింది మీరు. వాడు కదలకుండా కాళ్లు పట్టుకున్నది నేను. మనిద్దరికీ తెలియదు."

ఆవిడ ఏడవలేదు. ఒక్క బొట్టు కింద పడకుండా గరిటెను అలాగే పట్టుకుని వెనక్కి నడిచింది. కాసేపటికి తూము దగ్గర నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది. చాలాసేపు వినిపించింది. నేను వెళ్లేసరికి తొలికుండ పక్కకి ఒరిగి ఉంది. ఆవిడ మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టి గోడ రుద్దుతోంది. చెయ్యి బయటికి తీసి చూసుకుంది. వేళ్ల నిండా బంకలాంటి పచ్చటి జిగురు.

"ఇదా" అంది.

శుక్రవారం. ఆటు. ఎండ.

బొడ్డు పొడిగా ఎండి, ఈ ఉదయం రాలిపోయింది. కింద చర్మం శుభ్రంగా ఉంది, ఎరుపు లేదు, వాపు లేదు. ఏమీ రాయకుండా ఉండటం ఎంత కష్టమో ఈ రోజుల్లో తెలిసింది. జలజా నేనూ గంటకోసారి బట్ట తీసి చూడటం, ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకుని ఆగడం. అంత పెద్ద వైద్యం నేను మునుపెన్నడూ చేయలేదు.

ఇవాళ ఇళ్లకి నీళ్లు కలపని పచ్చిమందే పంచాను, ఏ పూటకాపూట పొడిగిన్నెలో కలుపుకోమని. పట్టుకెళ్లారు. గొణుక్కుంటూనే పట్టుకెళ్లారు. డాక్టర్ రెహానా ఇంకొన్నాళ్లు పుల్లలు పంపుతూ ఉండమంది. ఆ సూక్ష్మజీవి ఇక్కడ పోయినా ఇంకో పంటులో ఉండొచ్చట. పంట్లన్నిటికీ ఇలాంటి తోడులు ఉన్నాయని ఇప్పుడు వాకబు చేస్తుంటే తెలుస్తోంది.

అత్తయ్య మాత్రం ఇన్నాళ్లూ మునిమనవరాలిని ముట్టుకోలేదు. గుమ్మంలో కూర్చుని చూస్తుంది. జలజ ఎత్తుకోమని అందిస్తే చేతులు చీరలో దాచుకుంటుంది.

ఇవాళ పొద్దున్న చెప్పకుండా లేచి కర్ర తీసుకుని బయల్దేరింది. ఎక్కడికని అడిగాను. "సుభద్ర దగ్గరికి. ఎవరో చెప్పకముందే నేనే చెప్పాలి" అంది. నేనూ వస్తానంటే వద్దంది. వంతెన పలకల మీద కర్ర ఆనించుకుంటూ నెమ్మదిగా వెళ్లడం గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. సుభద్ర తిడుతుందేమో, కొడుతుందేమో, తలుపే తీయదేమో. నాకు ఏ పనీ తోచలేదు.

భోజనాల వేళకి తిరిగొచ్చింది.

"ఏమందత్తయ్యా?"

"ఏమీ అన్లేదే." పీట మీద కూలబడింది. "అంతా విన్నది. విని, చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి పొయ్యి ముట్టించి నీళ్లు కాచింది. సబ్బు తెచ్చి నా చేతులు కడిగింది. రెండు చేతులూ, గోళ్లసందులతో సహా."

లోపల జలజ కదలకుండా వింటోంది.

అత్తయ్య రెండు చేతులూ నా ముందుకు చాపింది. "ఇప్పుడు ఎత్తుకోనా రాజ్యం?"

వేళ్ల సందుల్లో ఇంకా కొంచెం తడి ఉంది. గాలికి ఆరనివ్వమన్నాను. ఆవిడ విసుక్కోలేదు. చేతులు అలాగే చాపుకుని, అవి ఆరేదాకా కూర్చుంది. అప్పుడు బిడ్డని తెచ్చి ఆ చేతుల్లో పెట్టాను.